తక్కువ ధర బేస్ గిటార్‌ను చక్కగా మోగించుకోవడం ఎలా

చవక బేస్ గిటార్ ఉన్నవాళ్లు తరచూ అనే మాట ఒకటుంది: "నేర్చుకోవడానికైతే పనికొస్తుంది, వాయించాలంటే మాత్రం మంచిది కొనాలి." ఈ మాటతో నేను అస్సలు ఒప్పుకోను. ఫ్యాక్టరీలో ధర తగ్గించాలనుకున్నప్పుడు ముందుగా కోత పడేది మనిషి చేతిపనికి. ఫ్రెట్ల (తీగల కింద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) అంచులు నున్నగా చేయడం, నట్ (కీల వైపు కొసన తీగలు ఆనే ముక్క) గాడులు సరైన లోతుకు కోయడం, తీగల ఎత్తు సరిచూడటం ఓపిగ్గా, ఒక్కో గిటార్‌కు విడివిడిగా చేయాల్సిన పనులు. చవక బేస్‌లలో ఎక్కువ లోపాలు ఉండేది ఇక్కడే. అసలు కట్టుబడి ఖరీదైనదానికి మరీ దూరంగా ఉండదు. 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌లో నట్ నుంచి బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు) వరకు తీగ పొడవు 34 అంగుళాలు. ఇవాళ యమహా, ఐబనెజ్, కోర్ట్, స్క్వయర్ కంపెనీల ఆరంభ మోడళ్లలో చాలావాటి కొలత కూడా అదే.

మిగిలిపోయిన ఆ చేతిపని మీరే చేసుకోవచ్చు. అలెన్ కీల సెట్టు, అర మిల్లీమీటరు గీతలున్న స్టీలు స్కేలు, స్క్రూడ్రైవర్, ఫోన్‌లో ట్యూనర్ యాప్ ఉంటే చాలు, ఒక సెలవు రోజులో చాలావరకు పూర్తవుతుంది.

కొనేముందు నెక్ చూడండి

సెకండ్ హ్యాండ్ బేస్ చూడటానికి వెళ్తే రంగు, గీతలు, ఊడిన పెయింటు ముందు పక్కన పెట్టేయండి. వాటివల్ల ధర తగ్గితే అది మీకే లాభం. బాడీ ప్లైవుడ్‌దని కూడా భయపడక్కర్లేదు. 1950లలో అమెరికాలో డానెలెక్ట్రో కంపెనీ చెక్క ఫ్రేముకు మేసనైట్ అనే హార్డ్‌బోర్డు అతికించి గిటార్లు, బేస్‌లు చేసింది, పికప్‌లను (తీగ కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చే భాగాలు) లిప్‌స్టిక్ గొట్టాల్లో పెట్టింది. పూర్తిగా చవక సరుకు. ఆ శబ్దం కోసమే జనం ఇప్పటికీ వాటిని వెతుక్కుంటున్నారు.

చూడాల్సింది నెక్, అంటే ఫ్రెట్లు ఉండే పొడవాటి చెక్క భాగం. బేస్‌ను తుపాకీ గురిపెట్టినట్టు పట్టుకుని, హెడ్‌స్టాక్ (తీగలు బిగించే కీలు ఉండే కొస) వైపు నుంచి బాడీ వైపుకు నెక్ రెండు అంచుల వెంట చూపు పోనివ్వండి. రెండు అంచులూ ఒకే తీరుగా కొద్దిగా వంగి ఉంటే ఇబ్బంది లేదు, నెక్ లోపలి ఇనుప కడ్డీ, ట్రస్ రాడ్, ఉన్నదే దానికి. ఒక అంచు ఒకలా, ఇంకో అంచు ఇంకోలా కనిపిస్తే నెక్ మెలితిరిగిందని అర్థం. అలాంటిది ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు. తర్వాత ట్రస్ రాడ్ తిరుగుతుందో లేదో అమ్మేవాళ్లనే తిప్పి చూపించమనండి. అది పూర్తిగా బిగుసుకుపోయి, నెక్ ఇంకా ముందుకు వంగే ఉంటే వదిలేయండి. హెడ్‌స్టాక్ మొదట్లో పగులు ఉన్నా అంతే.

ఆపైన ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్‌నూ ఒక్కసారి నొక్కి వాయించండి. జరజర శబ్దం వస్తే కొనకూడదని కాదు, ఎక్కడ వస్తోందో గుర్తుపెట్టుకోవడానికి. వాల్యూమ్ తిప్పితే గరగర, జాక్ వదులు, తుప్పు పట్టిన స్క్రూలు, అరిగిపోయిన తీగలు ఇంట్లోనే బాగుచేసుకోగలిగినవి. వాటిని చూపించి బేరం ఆడండి.

చవకది కొంటున్నానే అన్న దిగులు ఉంటే ఒక్క సంగతి. 1961లో హాంబర్గ్‌లో బీటిల్స్ బ్యాండ్ పాల్ మెకార్ట్నీ హాఫ్నర్ బేస్‌ను సుమారు 30 పౌండ్లకు కొన్నాడు. ఫెండర్ ధర తనకు అందలేదు. రెండువైపులా ఒకేలా ఉండే ఆకారం కాబట్టి ఎడమచేతివాటానికి తిప్పి పట్టుకున్నా వికారంగా కనిపించదనేది రెండో కారణం. 1972లో పోయిన ఆ బేస్ దొరికి మళ్లీ ఆయన చేతికి వచ్చిందని 2024లో ప్రపంచమంతా వార్త.

తీగలు: ముందు ఇక్కడి నుంచే

చాలాసార్లు "ఈ బేస్ మూగది" అనిపించడానికి కారణం పాత తీగలు. చెమట, మురికి చుట్టల మధ్య పేరుకుంటే మోత చచ్చిపోతుంది. కొత్త సెట్టు వేయగలిగితే 45 నుంచి 105 కొలత ఉన్న నికెల్ రౌండ్‌వౌండ్ (పైన గుండ్రటి తీగ చుట్టినవి) తీసుకోండి. అన్నిటికీ సర్దుకుపోయేది అదే.

బేస్ తీగల సెట్టు మామూలు గిటార్ తీగల్లా చవక కాదు. కొనే వీలు లేకపోతే ఉన్నవాటినే ఉడకబెట్టండి. ఇది బేసిస్టులు ఎప్పటినుంచో చేస్తున్న పనే. తీగలు విప్పి, చుట్టలుగా చుట్టి, మరుగుతున్న నీళ్లలో అయిదు పది నిమిషాలు ఉంచి తీయండి. నీళ్ల రంగు చూస్తే ఎంత మురికి వదిలిందో తెలుస్తుంది. పొడి గుడ్డతో తుడిచి, తడి పూర్తిగా పోయేదాకా ఆరబెట్టాకే వేయండి. మోత తిరిగొస్తుంది కానీ కొత్త తీగలంత కాలం నిలవదు. మళ్లీ మళ్లీ చేస్తే తీగ బలహీనపడుతుంది. ఫ్లాట్‌వౌండ్ (పైన చదును తీగ చుట్టి నున్నగా ఉండే) తీగలకు ఈ పని చేయకండి.

కొత్త తీగ పొడవు కత్తిరించేటప్పుడు ఒక జాగ్రత్త. తీగ చుట్టుకునే కీ పోస్టు దాటాక నాలుగైదు అంగుళాలు వదిలి, ముందు తీగను అక్కడ నిటారుగా వంచి, ఆ వంపు దాటాక కత్తిరించండి. వంచకుండా కోస్తే లోపలి తీగ మీద చుట్ట వదులైపోయి, మోత దెబ్బతినొచ్చు. పోస్టు మీద చుట్లు పైనుంచి కిందికి రావాలి, రెండు మూడు చుట్లు చాలు.

పాత తీగల మందమైన శబ్దమే మీకు నచ్చిందా? అలాగే ఉంచేయండి. అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ పాటల వెనక బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 ప్రెసిషన్ బేస్ మీద మందపాటి ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసి, తెగితే తప్ప మార్చేవాడు కాదు. తీగలు ఎత్తుగా ఉండేవి, కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. ఆ బేస్‌ను ఇప్పటి ఏ షాపులోనైనా చూపిస్తే ముందు సెటప్ చేయించమంటారు.

సెటప్ వరస

వరస తప్పితే చేసిన పని మళ్లీ చేయాల్సి వస్తుంది. ముందు నెక్ వంపు, తర్వాత తీగ ఎత్తు, ఆ తర్వాత ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా స్వరం శృతిలో పలకడం), చివర్లో పికప్ ఎత్తు. ప్రతి మెట్టుకూ ముందు శృతి చేసుకోవాలి. అన్నిటికంటే మందపాటి ఇ తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఫోన్ మైకు దాన్ని సరిగా పట్టుకోలేక ట్యూనర్ ముల్లు ఊగిసలాడుతుంది. 12వ ఫ్రెట్ మీద వేలు తేలిగ్గా ఆనించి హార్మోనిక్ మోగిస్తే యాప్ వెంటనే పట్టుకుంటుంది.

నెక్ వంపు చూడటానికి ఇ తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, చివరి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కండి. కాపో (తీగలను నొక్కి పట్టే క్లిప్పు) ఉంటే మొదటి ఫ్రెట్‌కు పెట్టేయండి, లేదంటే ఇంట్లో ఎవరినైనా నొక్కమనండి. ఇప్పుడు 8వ ఫ్రెట్ పైన, తీగ కింద ఎంత ఖాళీ ఉందో చూడాలి. 0.3 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే బాగుంది. మామూలు విజిటింగ్ కార్డు మందం దాదాపు అంతే కాబట్టి కార్డు ముక్క తీగను లేపకుండా దూరితే సరిపోయింది. ఖాళీ ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ను గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పండి, నెక్ తిన్నగా అవుతుంది. ఖాళీయే లేకపోతే వ్యతిరేక దిశలో వదులు చేయండి. ఒకసారికి పావు చుట్టు మించొద్దు. బిగించేముందు తీగలు కాస్త వదులు చేయడం మంచిది. తిప్పాక మళ్లీ శృతి చేసి, కాసేపు వదిలేసి, మళ్లీ కొలవండి. సరైన సైజు అలెన్ కీ దొరక్కపోతే ఆ రోజుకు ఆ పని ఆపేయండి. కొంచెం వదులుగా ఉన్న కీతో తిప్పితే నట్టు లోపలి అంచులు అరిగిపోతాయి, అప్పుడు సమస్య నిజంగా పెద్దదవుతుంది.

తీగ ఎత్తు 17వ ఫ్రెట్ దగ్గర కొలుస్తారు. ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగు వరకు ఇ వైపు సుమారు 2.4 మిల్లీమీటర్లు, అన్నిటికంటే సన్నటి జి తీగ వైపు 2 మిల్లీమీటర్లు ఉంటే చాలామందికి సుఖంగా ఉంటుంది. బ్రిడ్జ్ శాడిల్స్ (ఒక్కో తీగ ఆనే లోహపు ముక్కలు) మీద చిన్న గ్రబ్ స్క్రూలు తిప్పితే ఎత్తు మారుతుంది. గట్టిగా మీటేవాళ్లు ఇంకాస్త ఎత్తు ఉంచుకోండి. చవక బేస్ మీద తీగలు మరీ కిందికి దించాలన్న పంతం వద్దు. కొద్దిపాటి ఎత్తు ఉంటే ఫ్రెట్ల ఎగుడుదిగుడులు చాలావరకు బయటపడవు, శబ్దానికి నిండుదనం కూడా వస్తుంది.

తర్వాత ఇంటొనేషన్. 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ మోగించి శృతి చూడండి, అదే ఫ్రెట్ నొక్కి మళ్లీ చూడండి. నొక్కిన స్వరం ఎక్కువగా ఉంటే శాడిల్‌ను నెక్‌కు దూరంగా జరపాలి, తక్కువగా ఉంటే దగ్గరికి. తీగ వదులు చేసి జరపండి. పై ఫ్రెట్లలో పాట అపశ్రుతిగా వినిపించే బేస్ ఈ పది నిమిషాల పనితో కుదురుకుంటుంది.

పికప్ సంగతి చెవికే వదిలేయొచ్చు. చివరి ఫ్రెట్ నొక్కి, తీగకూ పికప్‌కూ మధ్య 2.5 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంచి మొదలుపెట్టండి. నాలుగు తీగలూ ఒకే బలంతో మీటుతూ, ఎక్కువ వినిపించే వైపు దించుకుంటూ పోండి.

నట్ గాడులు లోతు తక్కువైతే మొదటి రెండు ఫ్రెట్లు నొక్కడం కష్టం, పైగా స్వరం పైకి పోతుంది. తీగను 2, 3 ఫ్రెట్ల మధ్య నొక్కితే మొదటి ఫ్రెట్ పైన సన్న కాగితమంత ఖాళీ మాత్రమే కనిపించాలి. ఎక్కువ ఉంటే ఈ పనికి మాత్రం టెక్నీషియన్ దగ్గరికి వెళ్లండి. గాడి ఒక్కసారి ఎక్కువ కోస్తే నట్ మార్చాల్సిందే.

జరజర శబ్దం ఎక్కడి నుంచి వస్తోంది

చవక బేస్ మీద అందరినీ విసిగించేది ఇదే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. జి తీగ 5వ ఫ్రెట్ నొక్కితే జర వస్తోంది, 4వ ఫ్రెట్ దగ్గర రావట్లేదు, 6వ ఫ్రెట్ నొక్కినా రావట్లేదు అనుకుందాం. అంటే తీగ తగులుతున్నది చాలావరకు 6వ ఫ్రెట్‌కే. ఇప్పుడు పాత ఏటీఎం కార్డు తీసుకుని, దాని పొడవాటి అంచును 5, 6, 7 ఫ్రెట్ల మీద జి తీగ కింద నిలబెట్టండి. ఆ మూడింటి మధ్య దూరం సుమారు 7 సెంటీమీటర్లు, కార్డు పొడవు 8.5, కాబట్టి సరిగ్గా మూడే ఫ్రెట్లు అందుతాయి. కార్డు అటూ ఇటూ ఊగి టకటకలాడితే మధ్య ఫ్రెట్ ఎత్తుగా ఉన్నట్టే. 10వ ఫ్రెట్ దాటాక ఫ్రెట్లు దగ్గరవుతాయి కాబట్టి కార్డు పొట్టి అంచు వాడండి.

ఎత్తుగా ఉన్న ఫ్రెట్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. కదిలితే అది గాడిలో సరిగా కూర్చోలేదని అర్థం. దాని మీద చిన్న చెక్కముక్క పెట్టి, నెక్ వెనక మెత్తటి గుడ్డ మడత ఆసరా ఉంచి, తేలిగ్గా రెండు దెబ్బలు కొడితే చాలాసార్లు కూర్చుంటుంది. కదలకుండా ఎత్తుగానే ఉంటే దాన్ని ఆకురాయితో సమం చేయాలి. దానికి అనుభవం ఉన్న చెయ్యి కావాలి.

నట్ వైపు సగం ఫ్రెట్లలోనే జర వస్తుంటే నెక్ మరీ తిన్నగా ఉంది, రాడ్ కొద్దిగా వదలండి. బాడీ వైపు సగంలోనే వస్తుంటే శాడిల్స్ ఎత్తండి. ఓపెన్ తీగ ఒక్కదానికే వస్తే నట్ గాడి లోతెక్కువైంది. ఇంకో మాట: ఆ జర ఆంప్‌లో వినిపిస్తోందా? గిటార్ ఒళ్లో పెట్టుకున్నప్పుడు వినిపించే శబ్దంలో ఎంతో భాగం పికప్ దాకా వెళ్లదు. వెళ్లనిదాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

ఫ్రెట్ అంచులు చేతికి గీసుకుంటుంటే నెక్ చెక్క ఆరి కుదించుకుందన్నమాట. హైదరాబాద్ వేసవిలో, ఏసీ గదిలో ఉంచిన బేస్‌లకు ఇది ఎక్కువ. పికప్‌ల మీద, ఫ్రెట్ల మధ్య చెక్క మీద మాస్కింగ్ టేపు వేసి, చిన్న ఆకురాయితో ఒక్కో అంచును గుండ్రంగా చేయండి. పికప్‌లకు టేపు మర్చిపోవద్దు, లోహపు రజను వాటిలో చేరితే తీయడం నరకం. ఫింగర్‌బోర్డు రోజ్‌వుడ్ లాంటి పూత లేని చెక్కదైతే లెమన్ ఆయిల్ పలచగా రాసి తుడిచేయండి. పూత ఉన్న మేపుల్‌దైతే నూనె వద్దు.

కరెంటు సంగతులు

వాల్యూమ్ తిప్పితే గరగరలాడుతుంటే పాట్ (ఆ నాబ్ కింద ఉండే భాగం) లోపలికి కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే చేసి ముప్పై నలభైసార్లు అటూ ఇటూ తిప్పండి. జాక్ వదులైతే ప్లేటు విప్పి, లోపలి వైర్లు మెలిపడకుండా పట్టుకుని నట్టు బిగించండి. వైరు ఊడితే మొబైల్ రిపేర్ షాపులో కూడా సోల్డరింగ్ చేసిస్తారు. జాజ్ బేస్ తరహా రెండు పికప్‌లది హమ్ చేస్తుంటే రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా పెట్టి చూడండి. సాధారణంగా ఆ రెండింటినీ ఒకదానికొకటి ఎదురుగా చుడతారు కాబట్టి హమ్ రద్దవుతుంది. యాక్టివ్ బేస్ (బ్యాటరీతో పనిచేసేది) అయితే వాయించడం ఆపగానే కేబుల్ పీకేయండి, లేకపోతే 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సింది ఎర్తింగ్ గురించి. మన దగ్గర చర్చి ఆరాధనలకు, ఊళ్లలో ఆర్కెస్ట్రా కార్యక్రమాలకు షామియానాల కింద తాత్కాలిక కరెంటు లైన్ మీద వాయించాల్సి వస్తుంది. బేస్ తీగలు బ్రిడ్జ్ ద్వారా ఆంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఆంప్ మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేసినా, బోర్డులో ఎర్త్ లేకపోయినా, తీగల మీద చెయ్యి ఉంచి మైకుకు పెదవి తగిలినప్పుడు షాక్ కొట్టొచ్చు. అది ప్రాణం తీసేంత ప్రమాదం. తీగలు ముట్టుకుంటే చిమచిమలాడితే అక్కడితో ఆపి, స్విచ్ కట్టేయించి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఇందులో సర్దుకుపోవడం ఉండకూడదు.

సరిచేయలేనివాటితో బతకడం

స్ట్రాప్ బటన్ స్క్రూ రంధ్రం వదులైందా? ఫెవికాల్‌లో ముంచిన అగ్గిపుల్లలు రెండు మూడు, మందు తీసేసి, రంధ్రంలో దూర్చి, ఆరాక స్క్రూ బిగించండి. గట్టిగా నిలుస్తుంది. నిలబడి వాయించేటప్పుడు హెడ్‌స్టాక్ నేలవైపు వాలిపోతుంటే లోపలివైపు గరుకుగా ఉండే వెడల్పాటి తోలు స్ట్రాప్ వాడండి, భుజం మీద జారదు.

కొన్ని లోపాలు పోవు. జి తీగ మీద 5 నుంచి 7వ ఫ్రెట్ మధ్య ఏదో ఒక స్వరం మిగతావాటికంటే త్వరగా ఆగిపోవడం మీరు గమనించే ఉంటారు. దాన్ని డెడ్ స్పాట్ అంటారు. ఆ స్వరం దగ్గర నెక్ తనే కంపించి తీగ శక్తిని లాగేసుకుంటుంది. లక్షలు పోసి కొన్న బేస్‌లలోనూ ఇది ఉంటుంది. ఆ స్వరం సాగదీయాల్సి వచ్చినప్పుడు డి తీగ మీద అయిదు ఫ్రెట్లు పైన, అంటే 5వ ఫ్రెట్ బదులు 10వ ఫ్రెట్ దగ్గర వాయించండి. స్వరం అదే, రంగు మాత్రం మరింత గుండ్రంగా ఉంటుంది. కొన్నాళ్లకు మీరే కావాలని అక్కడ వాయిస్తారు.

మోత ఎక్కువకాలం నిలవని బేస్ అయితే, బ్రిడ్జ్ దగ్గర తీగల కింద గిన్నెలు తోమే స్పాంజ్ ముక్క దూర్చి చూడండి. పాత ఫెండర్ బేస్‌లకు బ్రిడ్జ్ మూత లోపల ఫ్యాక్టరీలోనే ఇలాంటి ఫోమ్ ముక్క వచ్చేది, జేమర్సన్ బేస్‌లోనూ ఉండేది. తీగ 'ఠంగు'మనడం పోయి 'దుబ్'మని పొట్టిగా, లోతుగా పలుకుతుంది. పాత సినిమా పాటలకు, ఆరాధన గీతాలకు ఆ శబ్దం ఎంత బాగా అమరుతుందో వాయించి చూడండి. తర్వాత కుడిచెయ్యి స్థానం మార్చి చూడండి. నెక్ దగ్గర మీటితే మెత్తగా, బ్రిడ్జ్ దగ్గర మీటితే బిగువుగా వస్తుంది. ఖరీదైన పికప్ కొనేముందు ఈ తేడాను చెవికి బాగా పట్టించుకోండి. డబ్బు పెట్టాలనిపిస్తే ముందు తీగలు, తర్వాత నట్ పని, ఫ్రెట్ల పని. పికప్ మార్చడం అన్నిటికంటే చివర.

బేస్‌ను ఫోన్ స్పీకర్‌లోనో, అరచేయంత గిటార్ ఆంప్‌లోనో విని తీర్పు చెప్పకండి. చిన్న స్పీకర్ కింది స్వరాలను పలికించలేదు. హెడ్‌ఫోన్స్‌లో వింటే అదే బేస్ ఎంత నిండుగా ఉందో అప్పుడు తెలుస్తుంది.

చివరిగా చేయాల్సింది, మీకు నచ్చిన కొలతలు కాగితం మీద రాసి గిటార్ బ్యాగులో పెట్టుకోవడం. నెక్ వంపు, 17వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు, తీగల సైజు, తేదీ. విశాఖ, విజయవాడ వైపు వానాకాలం తేమకు నెక్ ముందుకు వంగి తీగలు లేస్తాయి. ఎండలు ముదిరితే చెక్క ఆరి నెక్ తిన్నగా అయ్యి జర మొదలవుతుంది. కాలం మారినప్పుడు ఆ కాగితం తీసి, అవే కొలతలకు పావు చుట్టు చొప్పున మళ్లీ తెచ్చుకోండి.